మూడు సిస్టమ్‌లకు ఒకే కోడ్: తేడాలను ఎక్కడ ఉంచాలి?

విండోస్ మీద ఏళ్లుగా నడుస్తున్న డెస్క్‌టాప్ ప్రోగ్రాం ఇక మ్యాక్ మీద, లినక్స్ మీద కూడా కావాలని క్లయింట్ అడిగిన రోజున టీంలో మొదటి చర్చ దాదాపు ఎప్పుడూ టూల్‌కిట్ గురించే జరుగుతుంది. క్యూటీ తీసుకుందామా, ఎలక్ట్రాన్‌లోకి పోదామా, జావాలో తిరగరాద్దామా అని. అది తేల్చుకోవలసిన విషయమే. అయితే అంతకన్నా ముందు ఇంకో ప్రశ్నకు జవాబు కావాలి. కింద ఉన్నది విండోస్ అన్న సంగతి మన కోడ్‌లో ఎన్ని చోట్ల తెలుసు? ఒక ఫోల్డర్ చూపించి "ఇక్కడ మాత్రమే" అనగలిగితే సగం పని అయిపోయినట్టే. అది కోడంతా కలిసిపోయి ఉంటే ఎంత మంచి టూల్‌కిట్ తెచ్చినా అడుగడుగునా అడ్డు తగులుతూనే ఉంటుంది. సిస్టమ్‌ల మధ్య తేడాలు ఎలాగూ పోవు. వాటిని ఒక్క చోటికి చేర్చడమే ఈ పనిలో అసలు కష్టం, అసలు నేర్పు కూడా.

దీన్ని బాగా చేసినవాళ్ల కోడ్ అందరికీ అందుబాటులో ఉంది, చదువుకోవచ్చు. రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేసిన ఎస్‌క్యూలైట్‌నే తీసుకోండి. ఇవాళ దాదాపు ప్రతి ఫోన్‌లోనూ ప్రతి బ్రౌజర్‌లోనూ ఉన్న డేటాబేస్ అది. ఫైల్ తెరవడం, చదవడం, లాక్ వేయడం, రాసింది డిస్క్‌కి చేరేలా చూడడం, టైం అడగడం, ఇవన్నీ అందులో వీఎఫ్‌ఎస్ అనే పలచని పొర వెనక ఉంటాయి. యునిక్స్ జాతి సిస్టమ్‌లకు ఒక సోర్స్ ఫైల్, విండోస్‌కి ఒక సోర్స్ ఫైల్. పైన క్వెరీలు నడిపే కోడ్‌కి తను ఏ సిస్టమ్ మీద ఉందో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. కొత్త సిస్టమ్ వస్తే ఆ పొర ఒక్కటి రాస్తే సరిపోతుంది. డేటాబేస్ ఫైల్‌ని కూడా అదే పట్టుదలతో రూపొందించారు. 32 బిట్ మెషీన్‌లో తయారైన ఫైల్‌ని 64 బిట్ మెషీన్‌కి కాపీ చేసుకుంటే అలాగే తెరుచుకుంటుంది. బ్లెండర్‌లో విండోలు, మౌస్, కీబోర్డ్ వ్యవహారమంతా చూసే గోస్ట్ అనే లైబ్రరీ ఉంది, అది కూడా ఇలాంటిదే. టోరెంట్ ప్రోగ్రాం ట్రాన్స్‌మిషన్ ఇంకో దారి పట్టింది. అసలు పని చేసే లైబ్రరీ ఒకటే, దాని మీద మ్యాక్‌కి వేరే ముఖం, జీటీకేలో ఒకటి, క్యూటీలో ఒకటి. వీఎల్‌సీ కూడా విండోస్, లినక్స్‌ల మీద క్యూటీ ముఖంతో కనిపిస్తుంది, మ్యాక్ మీద మాత్రం మ్యాక్ సొంత పద్ధతిలో రాసిన ముఖంతో.

మీ కోడ్ ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక పూట చాలు. సీ, సీ ప్లస్ ప్లస్ అయితే విండోస్ హెడర్‌ని ఏయే ఫైళ్లు లాక్కుంటున్నాయో, ఇఫ్‌డెఫ్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి జాబితా రాయండి. పైథాన్ అయితే ప్లాట్‌ఫాం పేరు అడిగే ప్రతి లైనూ, స్లాష్‌లు చేత్తో అతికిన ప్రతి పాత్ కూడా. బిల్లు లెక్క కట్టే ఫంక్షన్‌లో, రిపోర్టు తయారుచేసే క్లాసులో ఇఫ్‌డెఫ్ కనిపిస్తే అది మొదట తీయాల్సిన ముల్లు.

అలాంటి కోడ్‌ని తీసి మీ సొంత పొరలో పెట్టేటప్పుడు పేర్ల దగ్గర జాగ్రత్త పడండి. ఆ పొరలోని ఫంక్షన్‌లకు సిస్టమ్ ఏమిస్తుందో దాన్నిబట్టి కాక మీ ప్రోగ్రాంకి ఏం కావాలో దాన్నిబట్టి పేరు పెట్టాలి. "రిజిస్ట్రీ నుంచి చదువు" అని పేరు పెడితే మ్యాక్‌లో లేని రిజిస్ట్రీని అక్కడ నటించాల్సి వస్తుంది. "యూజర్ సెట్టింగ్ ఇవ్వు" అంటే ఎవరి పద్ధతిలో వాళ్లు ఇవ్వగలరు. విండోస్‌లో యాప్‌డేటా ఫోల్డర్, మ్యాక్‌లో లైబ్రరీ లోపలి అప్లికేషన్ సపోర్ట్, లినక్స్‌లో ఎక్స్‌డీజీ నియమం చెప్పే కాన్ఫిగ్ ఫోల్డర్, ఎక్కడ పెట్టాలన్నది పొర చూసుకుంటుంది. పాస్‌వర్డ్ దాచడమూ అంతే. విండోస్‌లో క్రెడెన్షియల్ మేనేజర్, మ్యాక్‌లో కీచెయిన్, లినక్స్‌లో సీక్రెట్ సర్వీస్. పైనున్న కోడ్‌కి "దాచు", "తీసివ్వు" అన్న రెండు మాటలు తెలిస్తే చాలు.

ఎక్కువ బగ్గులు పుట్టేది ఫైళ్ల దగ్గర. స్లాష్ ఇటా అటా అన్నది అందరికీ తెలిసినదే, ప్రతి భాషలోనూ పాత్ కలిపే లైబ్రరీ ఉంది, వాడితే సరిపోతుంది. తెలియక దెబ్బతినేవి వేరు. లినక్స్ ఫైల్ సిస్టమ్‌లకు పెద్దక్షరం, చిన్నక్షరం వేరువేరు. విండోస్‌కీ, మామూలుగా వచ్చే మ్యాక్‌కీ అవి ఒకటే. లినక్స్ కెర్నెల్ సోర్స్‌లోనే, నెట్‌ఫిల్టర్ భాగంలో, అక్షరాల సైజు తప్ప పేరంతా ఒకటే అయిన ఫైళ్ల జంటలు ఉన్నాయి. ఆ సోర్స్‌ని మ్యాక్ మీదికి దించుకుంటే ఒకదాని మీద ఒకటి పడి పోతుంది. డెస్క్‌టాప్ ప్రోగ్రాంలో సాధారణంగా దీనికి తిరగబడ్డ రూపం కనిపిస్తుంది. ఐకాన్ ఫైల్ పేరు పెద్ద అక్షరంతో ఉంటుంది, కోడ్‌లో చిన్న అక్షరంతో రాస్తారు, విండోస్‌లో ఏళ్లపాటు నడుస్తుంది, లినక్స్‌కి వెళ్లగానే ఐకాన్ మాయం. ప్రాజెక్టులోని పేర్లన్నీ చిన్న అక్షరాలే అని మొదటి రోజే నియమం పెట్టుకోండి.

విండోస్‌కి కొన్ని పేర్లు అసలు పనికిరావు. కాన్, ఆక్స్, నల్, పీఆర్‌ఎన్ లాంటివి డాస్ కాలం నుంచి పరికరాలకు కేటాయించిన పేర్లు. కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తులు కూడా పేరులో ఉండకూడదు. అందుకే బ్యాకప్ ఫైల్ పేరులో గంటకీ నిమిషానికీ మధ్య కోలన్ పెట్టే లినక్స్ కోడ్ విండోస్‌లో పడిపోతుంది. పాత్ మొత్తం పొడుగు 260 అక్షరాలు దాటకూడదన్న పాత హద్దు కూడా ఉంది. విండోస్ 10లో 1607 వెర్షన్ నుంచి దాన్ని ఎత్తేయవచ్చు గానీ, దానికి సిస్టమ్‌లో సెట్టింగూ ప్రోగ్రాం మానిఫెస్ట్‌లో ఒక మాటా రెండూ ఉండాలి. మీ కస్టమర్ కంప్యూటర్‌లో ఆ సెట్టింగ్ ఉందని నమ్మి కూర్చోవద్దు.

ఇక సేవ్ చేయడం. యూజర్ గంటల తరబడి చేసిన పని కరెంటు పోయినా మిగలాలంటే కొత్త డేటాని ముందు ఒక తాత్కాలిక ఫైల్‌లో రాసి, డిస్క్‌కి చేరాక దాని పేరు అసలు ఫైల్ పేరుగా మార్చాలి. యునిక్స్‌లో రీనేమ్ పాత ఫైల్ ఉన్నా దాని స్థానంలోకి ఒక్కసారిగా వస్తుంది. విండోస్‌లో సీ భాష రీనేమ్ మాత్రం ఆ పేరుతో ఫైల్ అప్పటికే ఉంటే విఫలమవుతుంది. "మరైతే ముందు పాతది డిలీట్ చేద్దాం" అని రెండు లైన్లు చేర్చేస్తారు చాలామంది. ఆ రెండు లైన్ల మధ్య కరెంటు పోతే పాతదీ లేదు, కొత్తది ఆ పేరుతోనూ లేదు. విండోస్‌లో దీనికి పాతదాని మీద రాయమని చెప్పే మూవ్‌ఫైల్‌ఎక్స్ ఉంది. పైథాన్‌లో 3.3 నుంచి ఓఎస్ మాడ్యూల్‌లోని రీప్లేస్ మూడుచోట్లా ఒకేలా పనిచేస్తుంది. పైగా విండోస్‌లో ఎవరైనా తెరిచి ఉంచిన ఫైల్‌ని మామూలుగా తీసేయలేం. అప్పుడే రాసిన ఫైల్‌ని యాంటీవైరస్ ఒక క్షణం పట్టుకుని చూస్తుంటుంది. కాబట్టి కొంచెం ఆగి మళ్లీ ప్రయత్నించే ఏర్పాటు ఆ పొరలో ఉండాలి. మ్యాక్‌లో ఇంకో మెలిక: ఎఫ్‌సింక్ పిలిచినంత మాత్రాన డేటా డ్రైవ్ లోపలి క్యాష్ దాటిందని కాదు, దానికి ఫుల్‌ఎఫ్‌సింక్ అనే వేరే పిలుపు ఉంది. ఒక్క "సేవ్" అన్న మాట వెనక ఇంత ఉంది గనకే అది ఒక్క ఫంక్షన్‌లో ఒక్క చోట ఉండాలని ఇంతగా చెప్తున్నాను.

తర్వాతది టెక్స్ట్. ఈ విషయంలో తెలుగువాళ్లకు మిగతావాళ్లకన్నా ముందే తప్పు కనిపించే అవకాశం ఉంది, దాన్ని వాడుకోవాలి. విండోస్‌లో పాత పద్ధతి ఫంక్షన్‌లు కోడ్ పేజీ అనే చిన్న అక్షరాల పట్టిక మీద నడుస్తాయి. తెలుగుకి అలాంటి పట్టిక ఎప్పుడూ లేదు, తెలుగు విండోస్‌లోకి యూనికోడ్‌తోనే వచ్చింది. ఫలితం ఏమిటంటే, సీ భాషలో మామూలు ఎఫ్‌ఓపెన్‌కి తెలుగు పేరున్న ఫైల్ ఇస్తే, పేరు మధ్యలోనే ప్రశ్నార్థకాలుగా మారిపోయి ఫైల్ దొరకదు. యూజర్ తన విండోస్ అకౌంట్ పేరే తెలుగులో పెట్టుకుంటే అతని ఫోల్డర్‌లన్నిటి పాత్‌లోనూ తెలుగు వస్తుంది, ప్రోగ్రాం సెట్టింగ్‌లు కూడా చదవలేక మొదట్లోనే ఆగిపోతుంది. వెడల్పు అక్షరాలు తీసుకునే ఫంక్షన్‌లు వాడడం ఒక దారి. విండోస్ 10లో 2019 నాటి 1903 వెర్షన్ నుంచి మానిఫెస్ట్‌లో యూటీఎఫ్-8 కోరుకునే వీలుంది, అది రెండో దారి. నా ఓటు ఒక సాదా నియమానికి: ప్రోగ్రాం లోపల అంతా యూటీఎఫ్-8, విండోస్‌ని పిలిచే గడప దగ్గర మాత్రం యూటీఎఫ్-16కి మార్పు. ఆ మార్పు కూడా అదే పొరలో.

పైథాన్ వాళ్లు ఫైల్ తెరిచే ప్రతిచోటా ఎన్‌కోడింగ్ పేరు రాయాలి. రాయకపోతే విండోస్‌లో పాత కోడ్ పేజీనే పట్టుకుంటుంది, తెలుగు రాయబోతే ఎర్రర్ ఇస్తుంది. లినక్స్‌లో అదే కోడ్ బాగానే నడుస్తుంది, అందుకే ఆ తప్పు దొరకదు. జావాలో 2022లో వచ్చిన 18వ వెర్షన్ నుంచి యూటీఎఫ్-8 మామూలైంది. కస్టమర్ల దగ్గర పాత జావా ఉంటే అక్కడా పేరు రాయక తప్పదు.

ఐత్వం ఉన్న పేర్లను ప్రత్యేకంగా పరీక్షించండి. యూనికోడ్ నియమం ప్రకారం ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు, ఎత్వంగానూ కింద వచ్చే వంకరగానూ విడదీసి రెండు గుర్తులుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ ఒకలాగే కనిపిస్తాయి. మ్యాక్ పాత ఫైల్ సిస్టమ్ ఫైల్ పేర్లను విడదీసిన రూపంలోనే దాచేది. అంటే "హైదరాబాద్" అన్న పేరు విండోస్‌లో తొమ్మిది గుర్తులైతే ఆ మ్యాక్ డిస్క్ నుంచి వచ్చేసరికి పది. కోడ్‌లో రెండు పేర్లను బైట్ బైట్‌గా పోల్చితే "వేరు" అంటుంది, ఒకే ఫైల్ జాబితాలో రెండుసార్లు కనిపిస్తుంది. 2017లో వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ ఇచ్చిన రూపాన్నే దాచుతుంది గానీ, పాత డిస్క్‌ల నుంచీ పాత జిప్‌ల నుంచీ విడిపోయిన పేర్లు ఇంకా వస్తూనే ఉంటాయి. పోల్చే ముందు రెండిటినీ ఒకే రూపానికి తెచ్చే ఫంక్షన్ అన్ని భాషల్లోనూ దొరుకుతుంది. ఫైల్ పేరుని డిస్క్ మీద మార్చవద్దు, పోలికలో మాత్రమే మార్చండి.

పొడుగు లెక్కలోనూ ఇంతే. "లక్ష్మి" చదివేవారికి రెండు అక్షరాలు, యూనికోడ్‌కి ఏడు గుర్తులు, యూటీఎఫ్-8లో 21 బైట్‌లు, యూటీఎఫ్-16లో 14. లినక్స్‌లో ఒక ఫైల్ పేరు 255 బైట్‌లు దాటకూడదు. తెలుగులో గుర్తుకి మూడేసి బైట్‌లు గనక 85 గుర్తులకే హద్దు వచ్చేస్తుంది. పొడుగు శీర్షికని ఫైల్ పేరుగా పెట్టే ప్రోగ్రాం అయితే పేరు ఎక్కడ కత్తిరిస్తుందో చూడండి. బైట్ లెక్కతో కత్తిరిస్తే అక్షరం మధ్యలో తెగి, చదవడానికి వీల్లేని పేరు తయారవుతుంది. తెలుగు అచ్చు రంగానికి ప్రోగ్రాం రాస్తుంటే ఇంకో మాట. అను ఫాంట్లలో ఏళ్లుగా టైప్ చేసిన మేటర్ యూనికోడ్ కాదు, ఆ ఫాంట్ ఉన్నచోటే అది తెలుగు. దాన్ని లోపలికి తీసుకునేటప్పుడే యూనికోడ్‌కి మార్చి దాచాలి.

డేటా టైపుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 64 బిట్ విండోస్‌లో లాంగ్ అంటే 32 బిట్‌లు, 64 బిట్ లినక్స్, మ్యాక్‌లలో 64. ఫైల్‌లో రాసే, నెట్‌వర్క్‌లో పంపే ప్రతి సంఖ్యకీ సైజు పేరులోనే ఉన్న టైపులు వాడండి, 1999 నాటి సీ ప్రమాణం నుంచీ అవి ఉన్నాయి. స్ట్రక్చర్‌ని ఉన్నదున్నట్టు ఫైల్‌లో పోయకండి. దశాంశాల దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగండి. జర్మన్ సెట్టింగ్‌లో దశాంశ చుక్క స్థానంలో కామా ఉంటుంది. లినక్స్‌లో క్యూటీ ప్రోగ్రాం మొదలవగానే యూజర్ లొకేల్ అమల్లోకి వస్తుంది, ఆ తర్వాత సీ భాష ఫంక్షన్ సెట్టింగ్ ఫైల్‌లోని 0.75ని సున్నాగా చదువుతుంది. యూజర్‌కి చూపించే సంఖ్య వేరు, ఫైల్‌లో దాచే సంఖ్య వేరు. రెండోదానికి లొకేల్ పట్టని ఫంక్షన్ వాడాలి.

తెర మీది సంగతులకు టూల్‌కిట్ నిజంగా సాయం చేస్తుంది. విండోస్‌లో ఓకే ముందు, క్యాన్సిల్ తర్వాత. మ్యాక్‌లోనూ గ్నోమ్‌లోనూ తారుమారు. బటన్‌లు మీరే వరస పెట్టకుండా క్యూటీ డైలాగ్ బటన్ బాక్స్‌కి అప్పగిస్తే అది చూసుకుంటుంది. కంట్రోల్ కీతో రాసిన షార్ట్‌కట్‌ని కూడా మ్యాక్‌లో కమాండ్‌కి క్యూటీయే మారుస్తుంది. ఎలక్ట్రాన్ తన క్రోమియంని తనే మోసుకొస్తుంది గనక సైజు పెరిగినా రూపం మూడుచోట్లా ఒకటే. టౌరీ చిన్నగా ఉంటుంది, కానీ సిస్టమ్‌లో ఉన్న వెబ్‌వ్యూని వాడుతుంది గనక మూడు బ్రౌజర్‌లకు పరీక్ష చేసినంత పని ఉంటుంది. వీటిలో ఏది తీసుకున్నా పైన చెప్పిన ఫైళ్ల కష్టాలు, ఐత్వం కష్టాలు పోవు. తెలుగు ఫాంట్ విషయంలో సిస్టమ్‌ని నమ్ముకోవద్దు. విండోస్‌లో నిర్మల యూఐ, మ్యాక్‌లో కోహినూర్ తెలుగు ఉంటాయి, లినక్స్‌లో ఏదీ లేకపోవచ్చు. ఓపెన్ లైసెన్స్ ఉన్న నోటో లేదా మండలి లాంటిదాన్ని ప్రోగ్రాంతోపాటే పంపండి. లైన్ ఎత్తు ఇంగ్లిష్ అక్షరాలకు కొలిచి పెడితే కింది ఒత్తులు తెగిపోతాయి, అది కూడా చూసుకోండి.

ఇంత జాగ్రత్తగా రాసినా మూడు సిస్టమ్‌ల మీద రోజూ బిల్డ్ చేయకపోతే నాలుగు వారాల్లో ఒకటి విరిగి ఉంటుంది. గిట్‌హబ్ యాక్షన్స్ లాంటి సేవల్లో మూడు రకాల మెషీన్లూ దొరుకుతాయి. ప్రతి మార్పుకీ మూడుచోట్లా కంపైల్ కావాలి, టెస్టులు నడవాలి, ఒక్కటి విఫలమైనా మార్పు లోపలికి రాకూడదు. ఆ టెస్టుల్లో తెలుగు పేరున్న ఫోల్డర్, మధ్యలో ఖాళీలున్న పాత్, ఐత్వం రెండు రూపాల్లో ఉన్న ఫైల్ పేర్లు తప్పకుండా పెట్టండి. లినక్స్ ప్యాకేజీని కొత్త డిస్ట్రోలో బిల్డ్ చేస్తే అది పాత గ్లిబ్‌సీ ఉన్న కంప్యూటర్‌లో మొదలే కాదు. మీరు మద్దతు ఇవ్వదలచిన వాటిలో అన్నిటికన్నా పాత డిస్ట్రో మీదే బిల్డ్ చేయండి. షెల్ స్క్రిప్టులు విండోస్ లైన్ ముగింపులతో పాడవకుండా గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైల్‌లో ఒక లైన్ రాసి పెట్టండి.

అంచనా అడిగినప్పుడు మేనేజర్‌కి మూడు పనులుగా విడదీసి చెప్పండి: సిస్టమ్ కోడ్‌ని వేరు చేయడం, ముఖం సిద్ధం చేయడం, విడుదల చేయడం. మొదటిది క్లయింట్ కంటికి కనిపించదు గనక దాన్నే కుదించమంటారు. కుదించవద్దు. దాన్ని విండోస్ వెర్షన్ మీదే, మామూలు రిలీజుల్లో కొంచెం కొంచెంగా చేసుకుంటూ పోవచ్చు, అప్పుడు ఎవరి పనీ ఆగదు. మూడోదాన్ని జనం మరిచిపోతారు. మ్యాక్‌లో స్టోర్ బయట ఇచ్చే ప్రోగ్రాంని కూడా ఆపిల్‌కి పంపి నోటరైజ్ చేయించకపోతే యూజర్‌కి తెరుచుకోవడమే కష్టం, అందుకు కావలసిన డెవలపర్ సభ్యత్వం ఏడాదికి 99 డాలర్లు. విండోస్‌లో సంతకం లేని ఇన్‌స్టాలర్‌ని స్మార్ట్‌స్క్రీన్ అడ్డుకుంటుంది. ఈ ఖర్చులూ సర్టిఫికెట్ వచ్చేదాకా పట్టే రోజులూ అంచనా కాగితంలో ఉండాలి.

చివరిగా ఒక్క మాట. మ్యాక్ ఓఎస్‌ని ఆపిల్ మెషీన్ మీద మాత్రమే నడపాలని దాని లైసెన్స్ చెబుతుంది. 2020 నుంచి ఆపిల్ తన సొంత చిప్‌లకు మారింది గనక పాత ఇంటెల్ మ్యాక్ ఒక్కటి సరిపోదు. రిమోట్ బిల్డ్ మెషీన్ కంపైల్ చేసిపెడుతుంది గానీ, మెనూ ఎలా తెరుచుకుంటుందో, తెలుగు ఒత్తులు తెర మీద ఎలా పడుతున్నాయో చూపించదు. మీ టేబుల్ మీదికి ఒక మ్యాక్ వచ్చేవరకు మ్యాక్ వెర్షన్‌కి తేదీ ఇవ్వకండి.